ఆర్టీమియా కొవ్వు లెక్క: రసాయనం దెబ్బ తీసిందో లేదో తేల్చుకునే పద్ధతి

ఆర్టీమియా రొయ్యల బంధువైన చిన్న ఉప్పునీటి ప్రాణి. అప్పుడే పుట్టిన దాని పిల్లకి, అంటే నాప్లీకి, నోరు తెరుచుకుని ఉండదు. గుడ్డులోంచి వెంట తెచ్చుకున్న నారింజ రంగు పచ్చసొనే దాని సద్దిమూట. మొదటి పొర విడిచి రెండో దశకి వచ్చాక నోరు తెరుచుకుంటుంది. అప్పుడు కూడా మనం తిండి వేయకపోతే ఆ మూటలోంచే తింటూ రెండు మూడు రోజులు ఈదుతుంది. ఈ పరీక్ష మొత్తం ఆ ఒక్క సంగతి మీద నిలబడింది.

ఎందుకంటే చిన్న సముద్ర ప్రాణుల్లో రసాయనాలు కొవ్వుని ఎలా పాడు చేస్తాయో చూడబోయే విద్యార్థులు ఎక్కువగా బోల్తా పడేది తిండి దగ్గరే. రసాయనం ఉన్న నీటిలో జీవి సరిగ్గా తినదు. తినకపోతే చిక్కిపోతుంది. కొవ్వు తగ్గిందని కొలిచి, 'ఈ రసాయనం కొవ్వు జీవక్రియని దెబ్బతీస్తుంది' అని రాసేస్తే అది తప్పు. అక్కడ దెబ్బతిన్నది ఆకలి. కొవ్వు మారడానికి తిండి, ఎదుగుదల, రసాయనం అని మూడు కారణాలు ఉంటాయి. మొదటి రెండింటి వాటా తేలాకే మూడోదాని మీద నేరం మోపాలి. తిండి పెట్టని నాప్లీలతో మొదలుపెడితే ఒక కారణం మొదటి రోజే పక్కకి పోతుంది.

ఆర్టీమియా నిజానికి ఉప్పు సరస్సుల, ఉప్పు మడుల ప్రాణి. కాకపోతే సముద్రపు నీటిలో హాయిగా బతుకుతుంది. భీమిలి నుంచి కాకినాడ దాకా ఏ రొయ్య పిల్లల హేచరీకి వెళ్లినా దాని సిస్టుల, అంటే ఎండి నిద్రలో ఉన్న గుడ్ల, డబ్బా దొరుకుతుంది. కోపిపాడ్లనే చిన్న సముద్ర ప్రాణుల పెంపకం చేతకాని లాబ్‌లో కూడా దీనితో పరీక్ష నడపవచ్చు.

కొవ్వు ఎక్కడెక్కడ దారి తప్పుతుంది

ముందు ఏం వెతుకుతున్నామో తెలియాలి. క్రస్టేషియన్లలో, అంటే రొయ్యలు, పీతలు, ఆర్టీమియా లాంటి జీవుల్లో, కొవ్వు కేవలం నిల్వ సరుకు కాదు. పొర విడవడం, గుడ్లు పెట్టడం, కొవ్వు ఖర్చు చేయడం మూడూ ఒకే హార్మోన్ల తాడుకి కట్టి ఉంటాయి. పొర విడిపించే ఎక్డైస్టిరాయిడ్ హార్మోను కొలెస్టరాల్ నుంచి తయారవుతుంది. ఆ కొలెస్టరాల్‌ని ఈ జీవులు సొంతంగా చేసుకోలేవు, తిండిలోంచే రావాలి. ఆ హార్మోను పనిచేసేది కణంలో హార్మోన్ని పట్టుకునే ఎక్డైసోన్ గ్రాహకం, ఆర్ఎక్స్ఆర్ అనే గ్రాహకం కలిసిన జంట మీద. ఓడల అడుగున నాచు, గుల్లలు పట్టకుండా వేసే రంగుల్లో 1960ల నుంచి వాడిన ట్రైబ్యూటైల్ టిన్, అంటే టీబీటీ, నేరుగా ఈ ఆర్ఎక్స్ఆర్‌కే అతుక్కుంటుంది. ఆడ నత్తలకి మగ అవయవాలు మొలిచిన వ్యవహారం వెనక ఉన్నదీ ఇదే. ఫ్రాన్స్‌లో ఆర్కషాన్ అఖాతంలో ఆయిస్టర్ల పెంపకం దెబ్బతిన్నాక, 1982లో అక్కడ 25 మీటర్ల లోపు పడవలకి ఆ రంగులు నిషేధించారు. ప్రపంచవ్యాప్త ఒప్పందం 2001లో కుదిరి 2008 సెప్టెంబరులో అమల్లోకి వచ్చింది. అయినా రేవుల అడుగు మట్టిలో పేరుకున్న టీబీటీ ఏళ్ల తరబడి కరగదు. ఈ పరీక్షకి దాన్నే నమూనా రసాయనంగా తీసుకుంటున్నాం.

2015లో బార్సిలోనా పరిశోధకులు మంచినీటి డాఫ్నియాలో (నీటి ఈగ అనే చిన్న క్రస్టేషియన్) చూపించిన సంగతి గుర్తుంచుకోవాలి. టీబీటీ తగిలిన తల్లి డాఫ్నియా, పొర విడిచాక గుడ్లకి పంపాల్సిన కొవ్వుని పంపకుండా తన ఒంట్లోనే దాచుకుంది. తల్లి బలిసింది, పిల్లలు సన్నగా పుట్టారు. తల్లిని మాత్రమే కొలిస్తే 'కొవ్వు పెరిగింది, బాగానే ఉంది' అనిపించే ప్రమాదం ఉంది.

మిగతా దారులు వేరు. పెంటాక్లోరోఫినాల్ లాంటివి కణంలో శక్తి తయారయ్యే మైటోకాండ్రియాలో కళ్లెం తెంపేస్తాయి. కొవ్వు మండిపోతుంది గాని పనికొచ్చే శక్తి రాదు. టీబీటీ కూడా మైటోకాండ్రియాలో శక్తిని తయారుచేసే ఎంజైమును ఆపగలదు. రాగి, కాడ్మియం లాంటి లోహాలు ఎక్కువ ద్విబంధాలు ఉన్న కొవ్వు ఆమ్లాల్ని ఆక్సీకరించి పాడు చేస్తాయి. ఇక్కడ కొవ్వు పరిమాణం కన్నా దాని నాణ్యత ముందు పోతుంది. దోమల లార్వాల మీద వాడే పైరిప్రాక్సిఫెన్, మెథోప్రీన్ కీటకాల జువెనైల్ హార్మోనుకి నకళ్లు. క్రస్టేషియన్లలో ఆ పాత్ర వహించే మిథైల్ ఫార్నిసోయేట్ దారిలో అవి వేలు పెడతాయి. ఇక పీసీబీ, డీడీటీ లాంటి చెడిపోకుండా నిలిచే రసాయనాలు కొవ్వులోనే కరిగి కూర్చుంటాయి. జీవి ఆకలితో కొవ్వు ఖర్చు చేసుకునే రోజున అవి మళ్లీ ఒంట్లోకి వదులవుతాయి. అందుకే బలిసిన జీవి ఈ రోజు బాగానే కనిపించి, చిక్కిన రోజున పడిపోతుంది.

సిస్టుల్ని సిద్ధం చేయడం

ఒక ప్రయోగానికి మొదటి నుంచి చివరి దాకా ఒకే డబ్బా, ఒకే బ్యాచ్ సిస్టులు వాడండి. ఏ సరస్సు నుంచి వచ్చాయన్న దాన్ని బట్టి నాప్లీ పరిమాణం, కొవ్వు ఆమ్లాలు మారతాయి. ఆ సరస్సులోని కలుషితాలు కూడా సిస్టుతో పాటే వస్తాయి. డబ్బా తెరిచిన తేదీ మూత మీద రాసి, గాలి తగలకుండా ఫ్రిజ్‌లో పెట్టుకోవాలి.

పెంకు తీసేయడం తప్పనిసరి. పెంకు ముక్కలు, పొదగని సిస్టులు శాంపిల్లో కలిస్తే లెక్క మొత్తం పాడవుతుంది. పొదగని ఒక్కో సిస్టులోనూ ఖర్చు కాని సొన నిండుగా ఉంటుంది మరి. 1 గ్రాము సిస్టుల్ని మంచినీటిలో గాలి పెట్టి గంట సేపు నానబెట్టండి. గుంటలు పడిన సిస్టులు గుండ్రంగా ఉబ్బుతాయి. 120 మైక్రాన్ల జల్లెడలో వడకట్టండి. క్లోరిన్ 4 శాతం ఉన్న సోడియం హైపోక్లోరైట్ 12.5 మి.లీ., 0.15 గ్రాముల సోడియం హైడ్రాక్సైడ్, మిగతాది సముద్రపు నీరు కలిపి మొత్తం 14 మి.లీ. చేసి, ఐసు మీద పెట్టిన బీకర్లో సిస్టుల్ని అందులో వేసి కలుపుతూ ఉండండి. వేడి పుడుతుంది. 40 డిగ్రీలు దాటితే పిండాలు చస్తాయి, కాబట్టి థర్మామీటరు బీకర్లోనే ఉండాలి. గోధుమ రంగు బూడిద రంగై, ఆ తర్వాత నారింజ రంగుకి తిరుగుతుంది. సాధారణంగా 5 నుంచి 15 నిమిషాలు. నారింజ కనపడగానే జల్లెడలో పోసి క్లోరిన్ వాసన పోయేదాకా కుళాయి నీటితో కడిగి, 0.1 శాతం సోడియం థయోసల్ఫేటులో నిమిషంలోపు ముంచి, మళ్లీ కడగాలి.

బూడిద రంగు దగ్గరే ఆగిపోయిందంటే మీ హైపోక్లోరైట్ పాతబడింది. సీసా మీద రాసిన శాతాన్ని నమ్మవద్దు. తెరిచి నెలలు గడిచిన సీసా బలం సగానికి పడిపోయి ఉండవచ్చు, టైట్రేట్ చేసి చూసుకోండి. ఇంకాస్త సేపు ఉంచితే సరిపోతుందని అరగంట నానబెడితే పెంకు పోతుంది గాని పిండం కూడా దెబ్బతింటుంది.

పొదగడానికి 30 పీపీటీ (వెయ్యి వంతుల్లో 30 వంతుల ఉప్పు) నీరు, 28 డిగ్రీలు, పీహెచ్ 8 పైన, దగ్గరగా ట్యూబ్‌లైటు, అడుగు నుంచి గట్టిగా గాలి. పీహెచ్ పడిపోకుండా లీటరుకి 1 గ్రాము వంట సోడా చాలు. పెంకు తీసిన సిస్టులు అడుగున పేరుకుంటాయి, గాలి తగ్గితే అక్కడే కుళ్లుతాయి.

వయసు ఒకేలా ఉండటం ఈ పరీక్షకి ప్రాణం. దానికో తేలిక ఉపాయం ఉంది. 18 గంటలకి పుట్టిన వాటినన్నిటినీ తీసి పక్కన పడేయండి. మిగిలిన సిస్టుల్ని తిరిగి గాలి కింద పెట్టి, ఆ తర్వాత రెండు గంటల్లో పుట్టిన వాటిని మాత్రమే వెలుతురు చూపించి ఒక మూలకి రప్పించి తీసుకోండి. అందరి వయసూ రెండు గంటల లోపే. ఈ పని చేయకుండా ఉదయం వచ్చి బాటిల్లో ఉన్నవన్నీ తీసుకుంటే, సగం మొదటి దశలో, సగం రెండో దశలో ఉంటాయి. వాటి సొనల మధ్య తేడా మీరు వెతికే రసాయనం తేడా కన్నా పెద్దదవుతుంది.

రసాయనం కలపడం

టీబీటీ క్లోరైడ్ చర్మం లోంచి దిగే విషం. నైట్రైల్ గ్లవ్స్, కళ్లద్దాలు, ఫ్యూమ్ హుడ్ లేకుండా సీసా మూత తీయవద్దు. తెలిసిన గైడు పక్కన ఉండాలి. వాడిన నీరు, కడిగిన నీరు అన్నీ రాసిపెట్టిన ఒక డ్రమ్ములోకి పోవాలి. ఒక్క చుక్క కూడా సింకులోకి పోకూడదు. మనం కొలవబోతున్నది లీటరుకి మైక్రోగ్రాములో పదో వంతు చేసే నష్టాన్ని. ఆ లెక్కన ఒక మిల్లీగ్రాము కాలువలోకి పోతే పదివేల లీటర్లకి సరిపోతుంది.

10 మిల్లీగ్రాముల్ని 10 మి.లీ. డీఎంఎస్ఓ (డైమిథైల్ సల్ఫాక్సైడ్) అనే ద్రావణిలో కరిగిస్తే మిల్లీలీటరుకి 1000 మైక్రోగ్రాములు. దాన్నుంచి పదేసి రెట్లు పలచన చేస్తూ 100, 10, 1 తయారు చేసుకోండి, అన్నీ డీఎంఎస్ఓలోనే. ప్రతి లీటరు నీటికి సరిగ్గా 0.1 మి.లీ. స్టాకు కలపాలి. 10 మైక్రోగ్రాముల స్టాకు వేస్తే నీటిలో లీటరుకి 1 మైక్రోగ్రాము వస్తుంది. ఇలా చేస్తే ఏ గాఢతలోనైనా డీఎంఎస్ఓ 0.01 శాతమే ఉంటుంది. పోలిక కోసం డీఎంఎస్ఓ మాత్రమే కలిపిన కంట్రోలు, ఏమీ కలపని కంట్రోలు రెండూ పెట్టండి. ద్రావణి బ్యాక్టీరియాకి తిండి. ఎక్కువైతే నీరు మసకబారి ఆక్సిజన్ పడిపోతుంది.

గాఢతల్ని పుస్తకంలో చూసి దింపుకోవద్దు. ముందు లీటరుకి 0.1, 1, 10, 100 మైక్రోగ్రాములతో 48 గంటల మరణాల పరీక్ష చేసి, సగం నాప్లీలు చనిపోయే గాఢత ఎంతో మీ బ్యాచ్‌కి మీరే కట్టుకోండి. కొవ్వు పరీక్షకి దానిలో పదో వంతు, ముప్పయ్యో వంతు, వందో వంతు తీసుకోండి. 10 శాతానికి మించి మరణాలున్న గాఢతలో కొవ్వు కొలిస్తే, మీరు కొలిచేది బతికి బట్టకట్టిన బలమైన వాటి కొవ్వు మాత్రమే. చనిపోయిన వాటి సంగతి అందులో ఉండదు.

ఇంకో సంగతి. టీబీటీ గాజుకీ ప్లాస్టిక్‌కీ అంటుకుంటుంది. ప్లాస్టిక్ పాత్రలో పోసి మీరు 1 మైక్రోగ్రాము అనుకున్నది నీటిలో చాలా తక్కువే మిగలవచ్చు. గాజు బీకర్లే వాడండి. ముందు రోజు రాత్రి అదే గాఢత నీటిని నింపి ఉంచి, పొద్దున్న పారబోసి కొత్త నీరు పోసి మొదలుపెట్టండి. 24 గంటలకోసారి నీరు మార్చండి. మీరు రాసే గాఢత 'కలిపినది' మాత్రమే, 'కొలిచినది' కాదు. ఆ మాట పట్టిక కింద స్పష్టంగా ఉండాలి.

బీకర్లు, 48 గంటలు

500 మి.లీ. బీకర్లో 400 మి.లీ. నీరు, 400 నాప్లీలు. రెండు కంట్రోళ్లు, మూడు గాఢతలు, ఒక్కోటికి నాలుగు బీకర్లు, మొత్తం 20. గాఢతల వారీగా వరుసగా పెట్టకుండా చీట్లు వేసి చోటు నిర్ణయించండి. కిటికీ దగ్గర బీకరు ఒక డిగ్రీ ఎక్కువ వేడెక్కినా అందులో కొవ్వు ఎక్కువ ఖర్చవుతుంది. ఉష్ణోగ్రత 25 డిగ్రీలు, అటూ ఇటూ అర డిగ్రీకి మించకూడదు. ఎయిర్‌స్టోన్ వద్దు, మూత వదులుగా పెట్టండి. ఈ సాంద్రతలో ఆక్సిజన్ సరిపోతుంది.

మొదలుపెట్టే ముందే 0 గంటల శాంపిల్ తీయడం మరిచిపోయేవాళ్లు చాలామంది. అది లేకపోతే ఎంత మిగిలిందో తెలుస్తుంది గాని ఎంత ఖర్చయిందో తెలియదు. 0, 24, 48 గంటల వద్ద ఒక్కో బీకరు నుంచి 150 నాప్లీలు కొవ్వు తీయడానికి, 10 రంగు పరీక్షకి, 20 దశ చూడటానికి కావాలి. 0 గంటలవి మాత్రం నాలుగు విడి శాంపిళ్లుగా అదే గుంపు నుంచి తీయండి.

150 అంటే 150. సుమారుగా అనుకుని 135 వేస్తే పది శాతం తప్పు అక్కడే వచ్చేస్తుంది. తెల్ల పింగాణీ పలక మీద పలచగా పరిచి ఫొటో తీసి, కంప్యూటర్లో ఇమేజ్‌జే అనే బొమ్మలు కొలిచే సాఫ్ట్‌వేరుతో లెక్కపెట్టుకోవడం చేత్తో లెక్కించడం కన్నా నమ్మకం. దశ చూడటానికి ఒక చుక్క ఫార్మలిన్ చాలు. మొదటి దశ నాప్లీ ఒళ్లంతా ఒకే నారింజ ముద్దలా ఉంటుంది. రెండో దశలో నడుమ పేగు గీతలా కనిపిస్తుంది. తర్వాతి దశల్లో వెనక భాగం పొడుగై, ఛాతీ మీద కాళ్ల మొగ్గలు మొదలవుతాయి. ఈ 20 నాప్లీల దశలు రాసుకోవడం విసుగనిపిస్తుంది. కాని చివర్లో మిమ్మల్ని తప్పుడు తీర్పు నుంచి కాపాడేది ఈ కాగితమే.

గులాబీ రంగుతో కొవ్వు కొలత

ఒక్క నాప్లీ పొడి బరువు 2 మైక్రోగ్రాముల చిల్లర, అందులో కొవ్వు అయిదారో వంతు. తూకం వేసి తేల్చే పని కాదు. సల్ఫో ఫాస్ఫో వెనిలిన్ పద్ధతి ఇలాంటి చోటే అక్కరకొస్తుంది. సముద్ర ప్రాణుల కోసం బార్న్స్, బ్లాక్‌స్టాక్ 1973లో దీన్ని లోతుగా పరీక్షించి పెట్టారు. స్పెక్ట్రోఫోటోమీటర్ ఉన్న ఏ కాలేజీలోనైనా చేయవచ్చు.

రియేజెంటుకి 600 మిల్లీగ్రాముల వెనిలిన్‌ని 100 మి.లీ. వేడి నీటిలో కరిగించి, 85 శాతం ఫాస్ఫారిక్ ఆమ్లం 400 మి.లీ. కలపండి. ముదురు సీసాలో చీకట్లో పెట్టుకోవాలి. రంగు ముదిరితే పారబోసి కొత్తది చేసుకోండి.

నాప్లీల్ని జల్లెడ మీద రెండు మూడు సెకన్లు డిస్టిల్డ్ వాటర్‌తో కడిగి, జల్లెడ అడుగున టిష్యూ అద్ది నీరు లాగేయండి. ఎక్కువసేపు కడిగితే నాప్లీలు ఉబ్బి పగులుతాయి. గాజు ట్యూబులో క్లోరోఫామ్, మిథనాల్ 2:1 మిశ్రమం 1 మి.లీ. పోసి అందులో వేసి, ఐసులో పెట్టి గాజు రోకలితో నలపండి. ట్యూబు మూతకి టెఫ్లాన్ లైనింగ్ ఉండాలి. ప్లాస్టిక్ ట్యూబు నుంచి క్లోరోఫామ్ ఊడదీసిన సరుకంతా మీ కొవ్వులో కలుస్తుంది. తర్వాత 0.9 శాతం ఉప్పునీరు 0.2 మి.లీ. వేసి వర్టెక్స్ చేసి, నిమిషానికి 2000 చుట్లతో 5 నిమిషాలు సెంట్రిఫ్యూజ్ చేయండి. అడుగు పొరే క్లోరోఫామ్, కొవ్వు అందులోనే ఉంది. గాజు పిపెట్‌ను పై పొర గుండా దించేటప్పుడు మెల్లగా గాలి బుడగలు వదులుతూ దించితే పై నీరు లోపలికి రాదు. ఆ పొరని వేరే ట్యూబులోకి తీసి, హుడ్‌లో 45 డిగ్రీల నీటి తొట్టెలో పూర్తిగా ఆరబెట్టండి.

ఆరిన ట్యూబులో గాఢ సల్ఫ్యూరిక్ ఆమ్లం 0.1 మి.లీ. వేసి, 100 డిగ్రీల వద్ద 10 నిమిషాలు ఉంచి, గది వేడికి చల్లార్చండి. 2.4 మి.లీ. వెనిలిన్ రియేజెంటు వేసి కలిపి 15 నిమిషాలు ఆగితే గులాబీ రంగు వస్తుంది. 525 నానోమీటర్ల దగ్గర చదవండి. అరగంట దాటనివ్వకండి. స్టాండర్డుగా మిల్లీలీటరు క్లోరోఫామ్‌కి 1 మిల్లీగ్రాము శుద్ధి చేసిన సోయా నూనె చాలు. 10, 20, 40, 60, 80, 100 మైక్రోలీటర్లు వేసి ఆరబెడితే అన్నే మైక్రోగ్రాములు. మూత సరిగ్గా లేక క్లోరోఫామ్ ఆవిరైతే స్టాండర్డు రోజురోజుకీ చిక్కబడి, మీ నాప్లీలు రోజురోజుకీ చిక్కిపోతున్నట్టు కనిపిస్తాయి. ఫ్రీజర్లో పెట్టి, తీసినప్పుడల్లా బరువు తూచి చూసుకోండి.

గులాబీకి బదులు గోధుమ రంగు వచ్చిందంటే చక్కెరలు ఆమ్లంలో మాడాయి. పై పొర నీరు కలిసిందన్న మాట. అసలు రంగే రాకపోతే ట్యూబులో తడి మిగిలి ఆమ్లం పలచబడి ఉంటుంది, లేదా వేడి చాలలేదు.

ఈ పద్ధతి గురించి ఒక ముఖ్యమైన హెచ్చరిక. గులాబీ రంగు వచ్చేది ద్విబంధాలున్న కొవ్వు నుంచి. సంతృప్త కొవ్వు రంగివ్వదు. అంటే రాగి లాంటి లోహం ద్విబంధాల్ని ఆక్సీకరించి తినేస్తే, కొవ్వు ఉన్నంతా ఉన్నా రీడింగు పడిపోతుంది. అందుకే రెండో సాక్షి కావాలి.

నైల్ రెడ్, రెండో సాక్షి

నైల్ రెడ్ అనే రంగు కొవ్వు బొట్లలో కరిగితేనే మెరుస్తుంది, నీటిలో దాదాపు మెరవదు. 1985 నుంచి కణాల్లో కొవ్వు బొట్లు చూడటానికి వాడుతున్నారు. నీలి కాంతి, అంటే 450 నుంచి 490 నానోమీటర్లు వేస్తే నిల్వ కొవ్వు పసుపు బంగారు రంగులో మెరుస్తుంది. ఆకుపచ్చ కాంతిలో కణ పొరల్లోని కొవ్వు కూడా ఎర్రగా కనిపిస్తుంది. నిల్వ కొవ్వు కావాలంటే నీలి ఫిల్టరే వాడండి.

స్టాకు మిల్లీలీటరు ఎసిటోన్‌కి 1 మిల్లీగ్రాము. 100 మి.లీ. సముద్రపు నీటికి 50 మైక్రోలీటర్లు కలిపి, 10 నాప్లీల్ని చీకట్లో గంట సేపు అందులో ఈదనివ్వండి. కలిపిన నీరు నిలవ ఉంటే ఎర్రటి నలుసులుగా పేరుకుంటుంది, ఎప్పటికప్పుడు కలుపుకోవాలి. రెండు నిమిషాలు శుభ్రమైన నీటిలో వదిలి కడగండి. కదలకుండా ఉండటానికి ఐసు వాడండి. హేచరీల్లో చేపలకి మత్తుగా వాడే లవంగ నూనె ఇక్కడ వద్దు, అదీ నూనే, రంగంతా అదే పీల్చుకుంటుంది. ఆల్కహాల్‌లో భద్రపరిస్తే కొవ్వు కరిగిపోతుంది. అయోడిన్ మెరుపుని చంపేస్తుంది.

మైక్రోస్కోపులో అన్ని ఫొటోలకీ ఎక్స్‌పోజరు ఒకటే ఉండాలి. కంట్రోలుతో సెట్ చేసుకుని ఆ బటన్ ముట్టుకోవద్దు. అంకె కావాలంటే 10 నాప్లీల్నీ 300 మైక్రోలీటర్ల ఐసోప్రొపనాల్‌లో సోనికేట్ చేసి, 10,000 జి వద్ద 5 నిమిషాలు తిప్పి, పైద్రవాన్ని 530 వద్ద ఉత్తేజపరిచి 590 వద్ద చదవండి. రంగు వేయని నాప్లీలతో ఇదే పని చేసి ఆ అంకె తీసేయాలి. ఆర్టీమియాకి నారింజ రంగునిచ్చే కెరోటినాయిడ్ల ప్రభావం అంకెలో కలవకూడదు కాబట్టి ఈ ఖాళీ కొలత లేకుండా కుదరదు.

నైల్ రెడ్ కూడా అబద్ధం చెప్పే సందర్భాలున్నాయి. రంగు లోపలికి వెళ్లాలంటే జీవి చురుగ్గా ఉండాలి. విషంతో నీరసించిన నాప్లీ రంగు తక్కువ తీసుకుని సన్నగా కనిపిస్తుంది. ఇక మీ కాలుష్యం మైక్రోప్లాస్టిక్ అయితే ఈ పరీక్ష అసలు వద్దు. నీటిలో ప్లాస్టిక్ కణాల్ని వెతకడానికి వాడేదే నైల్ రెడ్. పేగులో ఉన్న ప్లాస్టిక్ రవ్వ కొవ్వు బొట్టులా మెరిసి మిమ్మల్ని మోసగిస్తుంది.

అంకెలు వచ్చాక

మిగిలిన కొవ్వుని కాక ఖర్చయిన కొవ్వుని లెక్కించండి. 0 గంటల వద్ద నాప్లీకి 0.36 మైక్రోగ్రాములు, 48 గంటలకి కంట్రోలులో 0.20, రసాయనంలో 0.28 అనుకుందాం. మిగిలినదాన్ని చూస్తే 40 శాతం ఎక్కువ అనిపిస్తుంది. ఖర్చు చూస్తే 0.16కి బదులు 0.08, అంటే సగానికి సగం ఆగిపోయింది. రెండోదే అసలు సంగతి. కంట్రోలు ఆరోగ్యంగా ఉందో లేదో ముందు చూసుకోండి. తిండి లేని నాప్లీ మొదటి ఒక రోజులో ఒంటి బరువులో, శక్తిలో దాదాపు పావు వంతు ఖర్చు చేస్తుంది. మీ కంట్రోలులో ఏమీ తగ్గలేదంటే నీరు చల్లగా ఉంది, లేదా వయసు తప్పింది.

కొవ్వు ఎక్కువ మిగిలి, దశలు కూడా కంట్రోలు కన్నా వెనకబడి ఉంటే, అక్కడ ఆగింది ఎదుగుదల. సద్దిమూట విప్పలేదు కాబట్టి బరువుగానే ఉంది. దాన్ని 'బలిసింది' అనకూడదు. దశలు కంట్రోలుతో సమానంగా ఉండి కూడా కొవ్వు మిగిలితే అది గట్టి సాక్ష్యం. పెరిగే శక్తి వేరే సరుకు నుంచి తీసుకుని, కొవ్వుని బయటికి తీయలేకపోయిందన్న మాట. అక్కడ ప్రొటీన్ కూడా కొలిస్తే దాన్ని కరిగించుకుందేమో తెలుస్తుంది. దశలు సమానంగా ఉండి కొవ్వు తగ్గితే అదనపు ఖర్చు జరిగింది, విషం వదిలించుకోవడానికో, మైటోకాండ్రియాలో వృథాగానో. మూసిన సీసాలో ఆక్సిజన్ వాడకం కొలిస్తే తేలుతుంది. గులాబీ రంగు తగ్గి నైల్ రెడ్ మారకపోతే ఆక్సీకరణ మీద అనుమానం పెట్టుకుని, కొవ్వు చెడినప్పుడు పుట్టే మాలోన్‌డయాల్డిహైడ్ కొలవండి.

గణాంకాల్లో 'ఎన్' అంటే బీకరు, నాప్లీ కాదు. ఒక గాఢతకి నాలుగు బీకర్లుంటే ఎన్ నాలుగే. 600 నాప్లీలు కొలిచామని ఎన్ 600 రాస్తే ఎంత చిన్న తేడా అయినా గొప్పగా కనిపిస్తుంది. పోలిక డీఎంఎస్ఓ కంట్రోలుతో, అన్ని గాఢతల్నీ ఒకే కంట్రోలుతో పోల్చే డనెట్ పరీక్షతో.

తిండి పెట్టి చూసేటప్పుడు

తిండి లేని పరీక్షలో నిజమైన తేడా దొరికాకే ఇక్కడికి రండి. అయిదు రోజుల వయసున్న ఆర్టీమియాకి టెట్రాసెల్మిస్ గానీ డ్యునాలియెల్లా గానీ (రెండూ ఏకకణ నాచులు) పెట్టి, ప్రతి బీకర్లో ఎంత తిన్నాయో కొలవాలి. మొదట్లోనూ నాలుగు గంటల తర్వాతా హీమోసైటోమీటరు అనే గళ్ల గాజు పలక మీద నాచు కణాలు లెక్కించి, మొదటి సంఖ్యని రెండోదానితో భాగించి, దాని సహజ లాగరిథమ్‌ని నీటి పరిమాణంతో గుణించి, జీవుల సంఖ్యతోనూ గంటలతోనూ భాగిస్తే ఒక్కో జీవి గంటకి ఎన్ని మిల్లీలీటర్లు వడకట్టిందో వస్తుంది. జీవులు లేని బీకర్లో నాచు దానంతటది ఎంత మారిందో చూసి తీసేయండి. రసాయనం ఉన్న బీకర్లలో తిండి తగ్గిందని తేలితే, మరో కంట్రోలు వరుస పెట్టి వాటికి కూడా అంతే తక్కువ తిండి వేయండి. సమానంగా తిన్న రెండు గుంపుల మధ్య మిగిలిన తేడా మాత్రమే రసాయనానిది. శాంపిల్ తీసే ముందు పేగు ఖాళీ చేయించాలా అన్నది చిక్కు ప్రశ్న. నాచు కొవ్వు, పత్రహరితం మెరుపు రెండూ కొలతలో కలుస్తాయి. మా సలహా: ఒక గంట శుభ్రమైన నీటిలో వదలండి, అన్ని గుంపులకీ అంతే, అంతకు మించి వద్దు. ఎక్కువ సేపు వదిలితే అది ఉపవాసమే.

గుడ్లు మోసే పెద్ద ఆడవి దొరికితే తల్లినీ, దాని సంచిలోని పిల్లల్నీ విడివిడిగా కొలవండి. డాఫ్నియాలో కనిపించింది ఇక్కడా ఉందో లేదో తెలియాలంటే అదొక్కటే దారి.

రేవు మట్టితో చేయాలనుకుంటే

చేపల రేవు, ఓడల మరమ్మతు చోటు పక్క మట్టి తెచ్చి చూడాలన్న ఆసక్తి సహజం, మంచిదే. ఒక వంతు మట్టి, నాలుగు వంతుల శుభ్రమైన సముద్రపు నీరు, కొలతతో. అరగంట కలిపి, గంట తేరనిచ్చి, పై నీటిని సెంట్రిఫ్యూజ్ చేసి వాడండి. మట్టిని గాజు సీసాలో అంచుదాకా నింపి, 4 డిగ్రీల్లో చీకట్లో ఉంచి, రెండు వారాల లోపు పరీక్ష పూర్తి చేయండి. టీబీటీ మట్టిని గట్టిగా పట్టుకుని ఉంటుంది, నీటిలోకి కొద్దిగానే దిగుతుంది. కాబట్టి ఈ నీటిలో తేడా రాలేదంటే మట్టి శుభ్రమని అర్థం కాదు.

రేవు మట్టి నీటిలో ఒకే రసాయనం ఉండదు. టీబీటీ పోయాక రంగుల్లోకి వచ్చిన రాగి ఉంటుంది, డీజిల్ ఉంటుంది, వీటన్నిటికన్నా ముందు అమోనియా ఉంటుంది. నాప్లీలు నీరసించడానికి అది ఒక్కటే చాలు. పరీక్ష నీటిలో అమోనియా, పీహెచ్, సాలినిటీ ముందే కొలిచి రాసుకోండి. పీహెచ్ 8 దాటిన కొద్దీ అమోనియాలో విషపు వాటా పెరుగుతుంది. అదే పీహెచ్, అదే సాలినిటీ ఉన్న శుభ్రమైన నీటిలో అమోనియం క్లోరైడ్‌తో అంతే అమోనియా వచ్చేలా చేసి, ఒక వరుస బీకర్లు పక్కన పెట్టండి. మట్టి నీటిలో కొవ్వు ఖర్చు ఎంత మారిందో, ఈ వరుసలో ఎంత మారిందో చూస్తే అమోనియా వాటా ఎంతో విడిగా తెలుస్తుంది.